మెదడువాపు తర్వాత మిగిలే శ్వాస ఇబ్బందులు: పెనుబల్లి ప్రాంతం నుంచి ఒక పరిశీలన

చిన్నతనంలో మెదడుకో, మెదడు పొరలకో ఇన్‌ఫెక్షన్ సోకి ప్రాణం దక్కిన పిల్లల్లో కొందరికి ఊపిరి మళ్లీ మునుపటిలా కుదురుకోదు. జ్వరం తగ్గి, తెలివి వచ్చి, ఇంటికి చేరిన నెలలకు, ఏళ్లకు కూడా నిద్రలో శ్వాస ఆగి ఆగి ఆడుతుంది. పదేపదే నిమ్ము చేస్తుంది. అన్నం తినేటప్పుడు పొలమారుతుంది. ఉన్నట్టుండి ఎగశ్వాస వస్తుంది. వైద్యులు వీటిని మెదడువాపు అనంతర లోపాల్లో భాగంగా లెక్కిస్తారు. ఇంట్లోవాళ్లకు మాత్రం ఇది కొత్తగా వచ్చిన ఛాతీ జబ్బులా తోస్తుంది. ఉబ్బసం మందులు, దగ్గు టానిక్కులు, నెబులైజరు చుట్టూ తిరుగుతారు. ఈ పిల్లల్లో చాలామందికి ఊపిరితిత్తులు మొదట్లో బాగానే ఉంటాయి. లోపం వాటిని నడిపే మెదడు కాండంలోనో, గొంతులోనో, ఛాతీ కండరాల్లోనో ఉంటుంది. అది ఎక్కడుందో తేల్చకుండా మందులు వాడితే డబ్బూ కాలమూ ఖర్చవడమే.

ప్రాంతం

పెనుబల్లి ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే దారిలో కల్లూరు దాటాక వచ్చే మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడిపోయినప్పుడు ఈ మండలం ఖమ్మంలోనే ఉండిపోయింది. అడవి మాత్రం కొత్తగూడెం, భద్రాచలం దిక్కుగా సాగిపోతుంది. దక్షిణాన కొద్ది దూరంలోనే ఆంధ్రప్రదేశ్‌లోని తిరువూరు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లతోనూ, అడవిమల్లెల దగ్గర కట్టలేరు మీద కట్టిన లంకాసాగర్ నీళ్లతోనూ ఇక్కడ వరి పండుతుంది. మిర్చి, పత్తి, మామిడి, ఈమధ్య పామాయిల్ తోటలు మిగతా భూమిని ఆక్రమించాయి. ఊళ్ల పక్కనే లంబాడా తండాలు, కోయ గూడేలు ఉన్నాయి.

జబ్బుల లెక్కలో ఈ నేల తీరు ముఖ్యమైనది. నీళ్లు నిలిచిన వరి మడులు క్యూలెక్స్ దోమకు నెలవు. అడవి వాగుల వెంట అనాఫిలిస్ దోమ ఉంటుంది. మట్టి గోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల్లో ఇసుక ఈగ పెరుగుతుంది. ఒకటి జపనీస్ మెదడువాపును, రెండోది మలేరియాను, మూడోది చాందీపురా వైరస్‌ను మోసుకొస్తాయి. కాలువ నీటి వ్యవసాయమూ అడవీ కలిసే అంచున ఉన్న పల్లెల్లో ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకోవాల్సిందే.

కారణమయ్యే ఇన్‌ఫెక్షన్లు

జపనీస్ మెదడువాపు మన దేశంలో మొదట 1955లో అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా వెల్లూరు ప్రాంతంలో గుర్తింపుకొచ్చింది. అది మన చిత్తూరు సరిహద్దే. కొంగలు, పందుల ఒంట్లో వైరస్ పెరుగుతుంది, దోమ ద్వారా మనిషికి చేరుతుంది. వైరస్ సోకిన సుమారు 250 మందిలో ఒకరికే తీవ్ర జబ్బుగా మారుతుంది. మారిన వాళ్లలో 30 శాతం దాకా చనిపోవచ్చు. బతికిన వాళ్లలో 30 నుంచి 50 శాతం మందికి శాశ్వత లోపాలు మిగులుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ వైరస్ మెదడు లోతుల్లోని థాలమస్, బేసల్ గాంగ్లియా, మెదడు కాండం మీద పడుతుంది. వెన్నుపాములోని కండరాల నాడీ కణాలనూ వదలదు. వియత్నాంలో టామ్ సాలమన్ బృందం 1998లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఇది కొందరు పిల్లల్లో అచ్చం పోలియోలాంటి కాలి చచ్చుబాటు తెచ్చింది. ఊపిరి లోపాలకు కావలసిన దారులన్నీ ఈ ఒక్క వైరస్ చేతిలో ఉన్నాయి.

చాందీపురా వైరస్‌ను 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురా గ్రామంలో కనుగొన్నారు. చాలాకాలం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో 329 మంది పిల్లలు మెదడువాపుతో ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో 183 మంది చనిపోయారు. పొద్దున ఆడుకున్న బిడ్డ మర్నాటికి దక్కకుండా పోయిన ఇళ్లు ఆ ఏడాది ఎన్నో ఉన్నాయి. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ ఆ విపత్తుకు కారణం ఈ వైరసేనని నిర్ధారించింది. చాందీపురా తీవ్రత మొదటి 48 గంటల్లోనే ప్రాణం తీస్తుంది. దాన్ని దాటి బతికిన పిల్లల్లో దీర్ఘకాల లోపాలు జపనీస్ మెదడువాపుతో పోలిస్తే తక్కువ.

భద్రాచలం ఏజెన్సీ తరతరాలుగా మలేరియా నేల. ఫాల్సిపారం రకం మెదడుకెక్కితే సెరిబ్రల్ మలేరియా అవుతుంది. ఆఫ్రికా పిల్లలపై జరిగిన అధ్యయనాల్లో బతికిన వాళ్లలో సుమారు నాలుగోవంతు మందికి నాడీ లోపాలో, బుద్ధి లోపాలో మిగిలాయి. క్షయ వల్ల వచ్చే మెదడు పొరల వాపు మరో పెద్ద కారణం. అది మెదడు అడుగుభాగంలో, సరిగ్గా మెదడు కాండం చుట్టూ చిక్కటి పొరలా పేరుకుంటుంది. మింగడానికీ మాట్లాడటానికీ పనిచేసే నాడులు అక్కడి నుంచే బయటికొస్తాయి. నీరు పేరుకుని తల ఒత్తిడి పెరగడం దీనికి తోడవుతుంది. హెర్పిస్ వైరస్, న్యూమోకాకస్, హిబ్ బ్యాక్టీరియాలు మిగిలిన కారణాల్లో ప్రధానమైనవి.

మెదడు జ్వరంలా కనిపించేదంతా ఇన్‌ఫెక్షన్ కాకపోవచ్చు. చింతూరు అవతల ఒడిశాలోని మల్కాన్‌గిరి జిల్లాలో 2016లో వందమందికి పైగా పిల్లలు చనిపోయినప్పుడు జపనీస్ మెదడువాపుతో పాటు, కసివింద గింజల విషం కూడా కారణమని నిపుణులు తేల్చారు. ఆ మొక్క మన చేలగట్ల మీదా విరివిగా మొలుస్తుంది. పచ్చి కాయలు పిల్లల నోటికి అందకుండా చూడాలి.

ఊపిరిని నడిపేది ఎవరు

మనిషి ఊపిరికి రెండు అధికారాలున్నాయి. మాట్లాడేటప్పుడు, పాడేటప్పుడు, నీళ్లలో మునిగి బిగబట్టేటప్పుడు పైమెదడు ఆజ్ఞ ఇస్తుంది. నిద్రలో, మరుపులో, మనం పట్టించుకోని మిగతా వేళలన్నిటా మెదడు కాండం అడుగున ఉన్న మెడుల్లా తనంతట తానే నడుపుతుంది. ఫ్రెంచి వైద్యుడు లెగాలువా 19వ శతాబ్దం తొలినాళ్లలోనే కుందేళ్ల మీద ప్రయోగాలు చేసి ఊపిరికి మూలం మెడుల్లాలో ఉందని చూపించాడు. శ్వాస లయను పుట్టించే కణాల గుంపు ఏదో 1991లో స్పష్టమైంది. దాన్ని ప్రీబోట్జింగర్ సముదాయం అంటారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే గుర్తించి ఊపిరి వేగం పెంచే కణాలు కూడా ఈ చుట్టుపక్కలే ఉంటాయి.

ఇన్‌ఫెక్షన్ ఇక్కడ దెబ్బతీస్తే మెలకువలో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. పిల్లవాడు ఆడతాడు, మాట్లాడతాడు, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు వేలికి పెట్టిన యంత్రంలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది. కన్ను మూతపడగానే పైమెదడు పక్కకు తప్పుకుంటుంది, కింది అధికారి దెబ్బతిని ఉన్నాడు, ఊపిరి పలచబడుతుంది. కార్బన్ డయాక్సైడ్ రాత్రంతా పేరుకుంటుంది. పొద్దున్నే తలనొప్పి, బడిలో కునుకుపాట్లు, చిరాకు, చదువులో వెనకబాటు వస్తాయి. ఏళ్లు గడిస్తే గుండె కుడి భాగం మీద భారం పడుతుంది. జాన్ సెవరింగ్‌హాస్, రాబర్ట్ మిచెల్ 1962లో మెదడు కాండం, మెడ వెన్నుపాము శస్త్రచికిత్సల తర్వాత మెలకువలో మాత్రమే ఊపిరి తీయగలిగిన ముగ్గురు రోగుల గురించి రాశాక ఈ స్థితికి వైద్యంలో ప్రత్యేక గుర్తింపు వచ్చింది. పుట్టుకతోనే వచ్చే రకానికి పీహెచ్‌ఓఎక్స్2బీ జన్యువు కారణమని 2003లో తెలిసింది. మెదడువాపు తెచ్చేది తర్వాత సంక్రమించిన రకం.

ఎక్కువ ఊపిరి తీయడం కూడా లోపమే. జబ్బు తగ్గిన తొలి వారాల్లో కొందరు పిల్లలకు ఒక్కసారిగా ఎగశ్వాస, చెమటలు, గుండె దడ, ఒళ్లు బిగుసుకోవడం, జ్వరం వస్తాయి. మళ్లీ ఇన్‌ఫెక్షన్ వచ్చిందని యాంటీబయాటిక్‌లు మారుస్తుంటారు. దెబ్బతిన్న మెదడు నుంచి అదుపు తప్పిన నాడీ ఉద్రేకం వల్ల వచ్చే పోట్లివి. వీటికి వాడే మందులు వేరు.

చరిత్రలో

ఈ సంగతి వైద్యలోకానికి పెద్ద ఎత్తున తెలిసింది వందేళ్ల కిందట. వియన్నాలో కాన్‌స్టాంటిన్ వాన్ ఎకనమో 1917లో వర్ణించిన నిద్ర మెదడువాపు తర్వాతి పదేళ్లపాటు ప్రపంచాన్ని చుట్టింది. బతికిన పిల్లల్లో విచిత్రమైన ఊపిరి రోగాలు మిగిలాయి. ఊరికే కూర్చుని కుక్కలా రొప్పడం, స్పృహ తప్పేదాకా ఊపిరి బిగబట్టడం, ఆగకుండా దగ్గడం, ముక్కు ఎగబీల్చడం వంటివి. ఇదంతా పిల్లల మొండితనమని చాలామంది అనుకున్నారు. న్యూయార్క్ వైద్యుడు స్మిత్ ఈలై జెలిఫ్ 1927లో దీనిమీద ఒక గ్రంథమే రాశాడు. పిల్లవాడు కావాలనే చేస్తున్నాడని మన ఇళ్లల్లో నేటికీ వినపడుతూనే ఉంటుంది. ఆ మాట బిడ్డను రెండోసారి గాయపరుస్తుంది.

1952 ఆగస్టులో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో మింగుడు, ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలు వరసగా చనిపోతున్నారు. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ 12 ఏళ్ల బాలిక గొంతుకు రంధ్రం చేసి, గొట్టం వేసి, రబ్బరు తిత్తితో చేతితో గాలి కొట్టించాడు. ఆమె బతికింది. దాంతో సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా నెలల తరబడి పిల్లల మంచాల పక్కన కూర్చుని తిత్తులు నొక్కారు. నేటి ఐసీయూలకు అది పునాది. మెదడువాపు పిల్లలు ఇవాళ ఎక్కువమంది బతుకుతున్నారంటే ఆ వేసవి పుణ్యమే.

తైవాన్‌లో 1998లో ఎంటెరోవైరస్ 71 పిల్లల మెదడు కాండాన్ని దెబ్బతీసి 78 మంది ప్రాణాలు తీసింది. అక్కడి వైద్యులు బతికిన పిల్లలను ఏళ్లపాటు వెంబడించి 2007లో ఫలితాలు ప్రచురించారు. గుండె, ఊపిరితిత్తులు విఫలమయ్యేంత తీవ్ర జబ్బు వచ్చిన 28 మందిలో 17 మందికి గొట్టం ద్వారా ఆహారం పెట్టాల్సి వచ్చింది. 16 మందికి వెంటిలేటర్ సాయం కావలసి వచ్చింది. ఈ రెండు సంఖ్యలూ దాదాపు ఒకటే కావడం గమనించదగ్గది. మింగుడు పోయిన చోటే ఊపిరీ పోతుంది.

గొంతు: అసలు ప్రమాదం ఇక్కడే

మన పల్లెల్లో ఈ పిల్లల ప్రాణాల మీదికి ఎక్కువగా తెచ్చేది గొంతు. మెదడు దెబ్బతిన్న పిల్లల్లో మరణానికి మొదటి కారణం ఊపిరితిత్తుల జబ్బులేనని అన్ని దేశాల అనుభవమూ చెబుతోంది. ఆ జబ్బుల్లో పెద్ద భాగం తిండి, నీళ్లు, చొంగ ఊపిరి గొట్టంలోకి జారడం వల్ల వచ్చేవే.

మింగేటప్పుడు నాలుక ముద్దను వెనక్కి నెట్టాలి, అంగిలి ముక్కు దారిని మూయాలి, స్వరపేటిక పైకి లేచి ఊపిరి దారిని కప్పాలి. ఇదంతా క్షణంలో, ఊపిరిని ఒక్క పిసరు ఆపి, జరగాలి. మెదడు కాండం దెబ్బతింటే ఈ వరస తప్పుతుంది. హెర్పిస్ మెదడువాపులో పైమెదడు రెండు పక్కలా దెబ్బతిన్నా ముఖం, నాలుక కండరాలు మాట వినవు. నోరు తెరిచే ఉండి చొంగ కారుతుంది. జపనీస్ మెదడువాపు మిగిల్చే డిస్టోనియాలో దవడ, నాలుక, మెడ మెలితిరుగుతాయి. స్వరపేటిక బిగుసుకుని ఊపిరి పీల్చేటప్పుడు కీచుమనే చప్పుడు వస్తుంది.

పొలమారితే దగ్గు వస్తుంది, దగ్గితే తెలుస్తుంది. దెబ్బతిన్న గొంతుకు ఆ స్పర్శ కూడా పోవచ్చు. అప్పుడు చప్పుడు లేకుండా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. తాగిన తర్వాత గొంతు గరగరలాడటం, భోజనం అరగంటకు మించి సాగడం, తినేటప్పుడు కళ్లలో నీళ్లు రావడం, రాత్రి దగ్గు, నెలకోసారి నిమ్ము కనిపిస్తే దగ్గు లేకపోయినా అనుమానించాలి. పలచని ద్రవాలు అన్నిటికన్నా ప్రమాదం. మంచినీళ్లు, చారు, మజ్జిగ ఈ పిల్లల గొంతులో నిలవవు. చిక్కటి రాగి జావ, మెత్తగా పిసికిన పప్పన్నం, పెరుగన్నం నిలుస్తాయి. పడుకోబెట్టి పోయడం మానాలి. వీపు నిటారుగా, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న స్పూనుతో ఒక్కో ముద్ద మింగాకే మరొకటి పెట్టాలి. తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి. రోజూ పళ్లు తోమి నోరు శుభ్రంగా ఉంచితే, జారిన చొంగ వల్ల వచ్చే నిమ్ము తగ్గుతుంది.

పెద్దవాళ్లు బలం కోసమని బిడ్డను ఒళ్లో వెల్లకిలా వేసి ముక్కు మూసి నెయ్యి, ఆముదం, పసరు పట్టడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం ఈ పిల్లలకు అసలు పనికిరాదు. నూనె ఊపిరితిత్తుల్లో చేరితే దగ్గు రాదు, కరగదు, నెలల తరబడి వాపు నిలిచిపోతుంది. దక్షిణ భారత వైద్యులు 1970ల్లోనే ఈ నూనె నిమ్ము గురించి రాశారు. చేసే అమ్మమ్మలు ప్రేమతోనే చేస్తారు, కాబట్టి కోప్పడకుండా, కారణం చెప్పి మాన్పించాలి.

ఇంత జాగ్రత్తపడినా బరువు పెరగకపోతే ముక్కు గొట్టం, నెలలు దాటితే పొట్టకు నేరుగా అమర్చే గొట్టం అవసరమవుతాయి. బిడ్డకు గొట్టమా అని తల్లిదండ్రులు కుమిలిపోవడం సహజం. గొట్టం వేశాక నిమ్ములు తగ్గి, బరువు పెరిగి, రుచికి మాత్రం రెండు చెంచాలు నోటితో తినే పిల్లలు ఎందరో ఉన్నారు.

కండరాలు, ఎముకలు, గొట్టాల మచ్చలు

ఛాతీ కండరాలు బలహీనమైతే గట్టిగా దగ్గలేరు. తెమడ లోపలే నిలుస్తుంది. ఎప్పుడూ ఒక పక్కకే ఒరిగి ఉండే బిడ్డకు వెన్ను వంకర తిరిగి ఒకవైపు ఊపిరితిత్తి నలుగుతుంది. ఐసీయూలో వారాల తరబడి నోటి గొట్టంతో ఉన్న పిల్లలకు స్వరపేటిక కింద మచ్చ కట్టి దారి ఇరుకవుతుంది. ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు ఊపిరిలో కీచు మొదలైతే ఇఎన్‌టీ వైద్యుడు గొట్టంతో లోపలికి చూడాలి. దాన్ని ఉబ్బసమనుకుని పఫ్‌లు ఇస్తే ప్రాణాపాయం. ఫిట్స్ మందుల్లో గార్డినాల్ వంటివి మోతాదు మించితే మగత, చొంగ, ఊపిరి మందగింపు పెరుగుతాయి. నిద్ర మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గు మందులు ఈ పిల్లలకు ఇవ్వకూడదు.

కోలుకున్న బిడ్డ నెల, రెండు నెలల్లో మళ్లీ దిగజారి, చేతులు కాళ్లు వంకర్లు తిప్పడం, నిద్ర పట్టకపోవడం, ఊపిరి మందగించడం జరిగితే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. హెర్పిస్ తర్వాత, జపనీస్ మెదడువాపు తర్వాత కూడా శరీరమే మెదడు మీద దాడిచేసే ఎన్‌ఎండీఏ మెదడువాపు రావచ్చు. దీన్ని 2007లో జోసెప్ దల్మావ్ గుర్తించాడు. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్‌లతో దీనికి వైద్యం ఉంది, తొందరగా మొదలుపెడితే ఫలితం బాగుంటుంది.

పరీక్షలు, వైద్యం

చాలా సంగతి ఇంట్లోనే బయటపడుతుంది. బిడ్డ గాఢనిద్రలో ఉన్నప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో, తినేటప్పుడు మరో వీడియో తీసి చూపిస్తే వైద్యుడికి సగం పని తప్పుతుంది. ఆసుపత్రిలో రాత్రంతా ఆక్సిజన్ నమోదు, పొద్దున లేవగానే రక్తంలో కార్బన్ డయాక్సైడ్, ఎమ్మారై, బేరియం తాగించి తీసే మింగుడు ఎక్స్‌రే చేస్తారు. నిద్ర పరీక్ష హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో అందుబాటులో ఉంది. ఊపిరి పలచబడే బిడ్డకు ఆక్సిజన్ ఒక్కటే పెడితే వేలి యంత్రంలో అంకె బాగుపడుతుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అలాంటి వాళ్లకు కావలసింది మాస్కుతో గాలి నెట్టే బైపాప్ యంత్రం, తీవ్రంగా ఉంటే మెడకు గొట్టం, వెంటిలేటర్.

ఇంట్లో రోజూ చేయగలిగిన వైద్యం ఫిజియోథెరపీ. అరచేతిని దొప్పలా వంచి వీపు మీద తట్టడం, పక్కలు మార్చి పడుకోబెట్టడం, సరైన కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టడం ఆసుపత్రిలో ఒకసారి చూసి నేర్చుకోవచ్చు. కట్టెల పొయ్యి పొగ, కళ్లాల్లో మిర్చి ఆరబోసే నెలల ఘాటు ఈ పిల్లల ఊపిరితిత్తులకు పడవు. ఆ రోజుల్లో బిడ్డ మంచం గాలివాటుకు ఎదురుగా లేకుండా మార్చాలి. యంత్రం మీద ఆధారపడిన ఇంట్లో కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఉండాలి, చేతితో నొక్కే తిత్తి మంచం పక్కనే ఉండాలి.

డొక్కలు ఎగరేయడం, పెదవులు నీలిరంగుకు మారడం, ఊపిరి పది పదిహేను సెకన్లు ఆగడం, లేపినా లేవకపోవడం చూస్తే 108 పిలవాలి. పెనుబల్లి ప్రభుత్వాసుపత్రిలో ఆక్సిజన్, తొలి ఇంజక్షన్లు అందాక ఖమ్మం పెద్దాసుపత్రికి పంపుతారు. పిల్లల నాడీ వైద్యం కోసం హైదరాబాద్ నిలోఫర్, నిమ్స్ ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఏర్పడిన సత్వర చికిత్స కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఉచితం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీర్ఘకాల నాడీ జబ్బులను వైకల్యాల జాబితాలో చేర్చింది. కాబట్టి సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకుంటే పింఛనుకు దారి ఏర్పడుతుంది.

నివారణ

జపనీస్ మెదడువాపు టీకాను వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాల్లో తొమ్మిదో నెలలో ఒకసారి, ఏడాదిన్నర ప్రాంతంలో మరోసారి వేస్తారు. 2006లో చైనా టీకాతో దేశంలో ఈ కార్యక్రమం మొదలైంది. కర్ణాటకలోని కోలారులో దొరికిన వైరస్‌తో హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన జెన్‌వాక్ 2013లో వచ్చింది. పుట్టగానే వేసే బీసీజీ క్షయ పొరలవాపు నుంచి, పెంటావాలెంట్ హిబ్ నుంచి, 2021లో దేశమంతటికీ విస్తరించిన న్యూమోకాకల్ టీకా మరో పెద్ద కారణం నుంచి కాపాడతాయి. ఒకసారి మెదడువాపు వచ్చి ఊపిరి ఇబ్బంది మిగిలిన బిడ్డకు ఏటా ఫ్లూ టీకా అదనంగా వేయించడం మంచిది. చిన్న జలుబే వాళ్లను ఆసుపత్రి పాలు చేస్తుంది.

తండాలో, గూడెంలో జ్వరం రాగానే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని ఒకటి రెండు రోజులు పోగొట్టుకోవడం వల్ల వచ్చే నష్టం ఊహకు అందనిది. జ్వరంతో ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, మగతగా ఉన్నా ఆ గంటలోనే బయల్దేరాలి. దారిలో బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నీళ్లు పోయకూడదు. తొలి గంటల్లో మెదడుకు ఆక్సిజన్ తగ్గకుండా చూడగలిగితే తర్వాత మిగిలే లోపాలు అంతమేరకు తగ్గుతాయి.

ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితాలను ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఏళ్ల తరబడి దాచాలి. పదేళ్ల తర్వాత పన్ను పీకడానికో, విరిగిన చెయ్యి కట్టడానికో మత్తు ఇవ్వాల్సి వస్తే, చిన్నప్పుడు మెదడువాపు వచ్చింది, నిద్రలో ఊపిరి తగ్గుతుంది అన్న ఆ రెండు వాక్యాలు చూశాకే మత్తు వైద్యుడు మోతాదు నిర్ణయించాలి.